సెయింట్ సిడ్వెల్స్ పాయింట్

సెయింట్ సిడ్వెల్స్ పాయింట్ ఇంగ్లాండు నైఋతి భాగములోని ఎక్సెటర్ నగరమందు గల ప్రజా ఈతకొలను మరియు వ్యాయామ కేంద్రము. ఇది 2022 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. పాసివ్‌హౌస్ ప్రమాణమును అనుసరించి బ్రిటనులో నిర్మించబడిన మొట్టమొదటి విహార కేంద్రము ఇదే. నగరపాలక సంస్థ 4 కోట్ల పౌండ్లకు పైగా వ్యయముతో, పాత పిరమిడ్స్ ఈతకొలనుకు బదులుగా దీనిని కట్టించినది. సిడ్వెల్ ఆ నగరమునకు చెందిన ఒక పునీతురాలు. ఆమె వధింపబడిన చోట నీటి ఊట పుట్టినదని ఐతిహ్యము. కనుక ఈతకొలనుకు ఈ పేరు చక్కగా అమరినది.

పాసివ్‌హౌస్ ప్రమాణము

ఈ పద్ధతిలో మొదటి ఇండ్లు 1990-91లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కట్టబడినవి. దట్టమైన ఉష్ణనిరోధక గోడలు, మూడు పొరల అద్దాలు, గాలి చొరబడని నిర్మాణము, బయటికి పోవు గాలిలోని వేడిని లోనికి వచ్చు గాలికి అందించు యంత్రము దీని ముఖ్యాంగాలు. నివాస గృహమును వేడి చేయుటకు చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్ల శక్తి మించరాదని నియమము. ఈతకొలనులకు ఈ హద్దు యథాతథముగా వర్తించదు.

శక్తి ఆదా

ఈతకొలనులో వేడిని ఎక్కువగా హరించునది నీటి ఆవిరి. ఒక లీటరు నీరు ఆవిరగుటకు సుమారు 0.68 యూనిటు వేడి కావలెను. ఎండాకాలపు వడగాలికి తడిబట్టలు ఇట్టే ఆరినట్లు, గాలి పొడిగా ఉన్నకొలదీ కొలనులోని నీరు త్వరగా ఆవిరగును. సాధారణ భవనములలో చల్లని అద్దములపై తేమ చేరి కట్టడము పాడగును. అందుచేత చలికాలమున బయటి గాలిని లోనికి తెచ్చి, వేడిచేసి, హాలును పొడిగా ఉంచెదరు. అనగా ఖర్చుపెట్టి మరీ నీటిని ఆవిరి చేయుచున్నారన్నమాట! పాసివ్‌హౌస్ అద్దముల లోపలి తలము వెచ్చగా ఉండును గనుక గాలిలో తేమను కొంత ఎక్కువగా ఉండనీయవచ్చును. దానితో ఆవిరి తగ్గును, మార్చవలసిన గాలియూ తగ్గును. భవన నమూనాను 2080 నాటి వాతావరణ అంచనాలతో కూడ పరీక్షించిరి.

అందరికీ అందుబాటు

ఇచ్చట 25 మీటర్ల కొలను, 20 మీటర్ల కొలను, పసిపిల్లల కొలను కలవు. 20 మీటర్ల కొలను అడుగుభాగమును పైకి, క్రిందికి జరిపి లోతు మార్చవచ్చును. ఈత నేర్చు పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు ఒకే కొలను వేర్వేరు వేళల ఉపయోగపడుటకు ఇదే కారణము. తమంత తాము కదలలేని పెద్దలు దుస్తులు మార్చుకొనుటకు, మనిషిని ఎత్తు యంత్రముతో కూడిన ప్రత్యేక గది కలదు. నగర బస్ స్టేషను పక్కనే ఉన్నది. కారు లేనివారికి ఇది చిన్న సౌకర్యము కాదు.

ఇతర కేంద్రములు

జర్మనీలోని లూనెన్, బాంబెర్గ్ పట్టణములలో ఇట్టి ఈతకొలనులు 2011లోనే ప్రారంభమైనవి. 2022లో ఇంధన ధరలు పెరిగి బ్రిటనులో పలు ప్రజా కొలనులు వేళలు తగ్గించుకొనగా, కొన్ని మూతపడినవి. 2023 మార్చి బడ్జెటులో ఇంగ్లాండులోని కొలనులకు 6.3 కోట్ల పౌండ్ల సహాయము ప్రకటించబడినది. లండను సమీపమున స్టెయిన్స్ పట్టణములో మరొక పాసివ్‌హౌస్ కేంద్రము 2024లో ప్రారంభమైనది.