చెరపరాని వ్రాతకు చిత్తు పలక: ఇథీరియము పనిముట్ల కథ

బడిపిల్లవాడు పలకమీద లెక్క తప్పు చేసినచో తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయును. తుడుచుటకు వీలులేని పలకమీద, అదియును గీతకు ఇంత అని రుసుము చెల్లించి, లోకమంతయు చూచుచుండగా లెక్క చేయవలసి వచ్చినచో అతని గతి యేమి? 2015లో ఇథీరియముపై ప్రోగ్రాములు వ్రాయ మొదలిడిన వారికి ఇట్టి చిక్కే ఎదురయ్యెను. దానినుండి పుట్టిన పనిముట్ల చరిత్ర చిన్నదే గాని తెలిసికొనదగినది.

బ్లాక్‌చెయిన్ అనగా ఏ ఒక్కరి చేతిలోను ఉండని ఆవర్జా. పూర్వము ఊరి లెక్కల పుస్తకము కరణము వద్ద ఒక్కటే యుండెడిది. ఇందులో అట్లుగాక, ఒకే పుస్తకపు ప్రతులు వేలకొలది కంప్యూటర్లలో ఉండును. కొన్ని లావాదేవీలు చేరి ఒక పుట యగును; ప్రతి పుటయందును దాని వెనుకటి పుటనుండి గణితముచే రాబట్టిన, వ్రేలిముద్ర వంటి ఒక సంఖ్య ఉండును. పాత పుటలో ఒక్క అంకె మార్చినను ఈ ముద్రలు సరిపడవు. పత్రములను ఇట్లు గొలుసుకట్టుగా బంధించు పద్ధతిని అమెరికాలో స్టువార్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అను ఇద్దరు 1991లోనే ప్రకటించిరి. సతోషి నకమోటో అను మారుపేరుతో వ్రాసినవారు 2008లో దీనిని నాణెమునకు అన్వయించిరి. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదటి పుట ఏర్పడెను.

ఆ పుస్తకములో లెక్కలే గాక ప్రోగ్రాములను కూడ ఉంచరాదా అని 2013 చివర 19 ఏండ్ల విటాలిక్ బుటెరిన్ ప్రతిపాదించెను. 2015 జూలై 30న ఇథీరియము పని ప్రారంభించెను. అందు ఉంచు ప్రోగ్రాములకు కాంట్రాక్టులని పేరు. వానిని ఎక్కువగా సాలిడిటీ అను భాషలో వ్రాయుదురు. ఏ ఒక్కరి సర్వరుమీదను ఆధారపడక ఇట్లు గొలుసుమీదనే నడచు ఏర్పాట్లను వికేంద్రీకృత అనువర్తనములు అందురు. గొలుసుపై ప్రతి మార్పునకును ఈథరు అను నాణెముతో రుసుము చెల్లింపవలెను. ఎక్కించిన ప్రోగ్రామును దిద్దుటకు సామాన్యముగా వీలులేదు. లోపమున్నచో లోపముతోనే నడచును.

మరి దానిని ముందుగా పరీక్షించుకొనుట యెట్లు? తొలినాళ్ళలో సాలిడిటీని యంత్రభాషలోనికి మార్చుట ఒక పని, వచ్చినదానిని గొలుసుమీదికి పంపుట మరొక పని, అది ఏ చిరునామాలో కూర్చున్నదో గుర్తుంచుకొనుట ఇంకొక పని. న్యూయార్కులోని కన్సెన్సిస్ సంస్థలో పనిచేయుచుండిన టిమ్ కౌల్టర్ 2015లో వీనినన్నిటిని ఒక పెట్టెలో చేర్చి ట్రఫిల్ అని పేరు పెట్టెను. దానికి తోడుగా టెస్ట్‌ఆర్‌పీసీ అను బొమ్మ గొలుసు వచ్చెను. 2017లో దాని పేరు గనాష్‌గా మారెను. ట్రఫిల్, గనాష్ రెండును చాక్లెట్టు వంటకపు మాటలే. ఈ రంగమువారికి మిఠాయి పేర్లపై ఇంత మక్కువ యేలనో!

ఈ పెట్టెను అమర్చుకొను విధము చూడుడు. జావాస్క్రిప్టును నడిపించు నోడ్ అను సాధనము ముందుగా కంప్యూటరులో ఉండవలెను. దాని ద్వారా ట్రఫిల్‌ను తెచ్చుకొని, ఖాళీ ఫోల్డరులో ఒక ఆజ్ఞ ఇచ్చినచో మూడు అరలు ఏర్పడెడివి. ఒకదానిలో కాంట్రాక్టులు, రెండవదానిలో వానిని గొలుసుపైకి ఎక్కించు క్రమము, మూడవదానిలో పరీక్షలు. పిమ్మట గనాష్‌ను తెరచినచో అది ఆ కంప్యూటరులోనే ఒక గొలుసును సృష్టించి, 10 ఖాతాలు తెరచి, ఒక్కొక్కదానిలో 100 ఈథర్లు వేసెడిది. అవి అంగడిలో చెల్లవు. కాని వానితో రుసుములు కట్టి, కాంట్రాక్టును నడిపి, తప్పు బయటపడినచో గొలుసు మొత్తమును చెరిపి మొదటినుండి ప్రారంభింపవచ్చును. పలకకు తడిగుడ్డ దొరికినదన్నమాట.

తడిగుడ్డ లేని చోట తప్పు జరిగినచో ఏమగునో 2016లో లోకము చూచెను. ది డావో అను సామూహిక నిధి కాంట్రాక్టులో సుమారు 15 కోట్ల డాలర్ల విలువగల ఈథర్లు చేరినవి. అందు ఒక వరుస తప్పు ఉండెను. సొమ్ము కోరినవానికి ముందు చెల్లించి, తరువాత అతని ఖాతాలో తగ్గించి వ్రాసెడిది. ఖాతా తగ్గకముందే మరల మరల అడుగు ప్రోగ్రామును ఎవరో వ్రాసి, జూన్ 17న సుమారు 36 లక్షల ఈథర్లు లాగుకొనిరి. తగ్గించి వ్రాసిన పిమ్మట చెల్లించి యున్నచో ఈ దారి మూతపడెడిది. బ్యాంకు గుమాస్తా నడిగినను ఈ వరుస చెప్పును. చెరపరాదన్న పుస్తకమును ఇప్పుడు మార్చవచ్చునా అని పెద్ద వాదము చెలరేగెను. జూలై 20న అధిక సంఖ్యాకులు సొమ్మును వెనుకకు మరల్చు మార్పునకు సమ్మతించిరి. సమ్మతింపనివారి గొలుసు ఇథీరియము క్లాసిక్ అను పేర వేరుగా మిగిలెను. చిత్తు పలక ఉన్నంతమాత్రమున తప్పు కనబడదనుట నిజమే. ఏ తప్పునకై వెదకవలెనో తోచినవాడే దానిని పరీక్షగా వ్రాయగలడు. ఆ దొంగ ప్రోగ్రామును బొమ్మ గొలుసుమీద తిరిగి వ్రాసి చూచుట ఇప్పుడు ఈ విద్యలో ఒక అభ్యాసము.

విచిత్రమేమనగా, ఎవ్వరి సొత్తును కాని గొలుసు సాగుచుండగా, ఒక సంస్థ చేతిలోని పనిముట్లు ముందుగా మూతపడెను. 2023 సెప్టెంబరులో కన్సెన్సిస్ సంస్థ ట్రఫిల్, గనాష్‌లను విరమించుచున్నట్లు ప్రకటించి, డిసెంబరులో వాని మూలములను చదువుటకు మాత్రమే ఉంచెను. పాత పాఠములు మాత్రము ఇంకను ట్రఫిల్‌నే చెప్పుచున్నవి. వానిని నమ్ముకొని మొదలిడిన విద్యార్థి నడిమధ్య చిక్కుకొనును. ఇప్పుడు మొదలిడువారు హార్డ్‌హ్యాట్‌నో, ఫౌండ్రీనో అమర్చుకొనుట మేలు.

హార్డ్‌హ్యాట్ అనగా కట్టడపు పనివారి గట్టి టోపీ. అదియు ఒక బొమ్మ గొలుసును ఇచ్చును: 20 ఖాతాలు, ఒక్కొక్కదానిలో 10,000 ఈథర్లు. అయితే మనము వేరుగా అమర్చుకొననంతవరకు ఆ ఖాతాల రహస్య తాళములు లోకములో అందరివద్దను ఒకటే. పొరబాటున అసలు గొలుసుమీద ఆ చిరునామాలకు అసలు ఈథరు పంపినచో, కాచుకొనియున్న ప్రోగ్రాములు దానిని క్షణములలో ఊడ్చుకొనిపోవును. తరగతిలో దీనిని చూపు ఉపాధ్యాయులు, బొమ్మ ఖాతాలకును సొమ్ముగల ఖాతాలకును ఒకే వాలెట్టు వాడకుండ పిల్లలను ముందే హెచ్చరింపవలెను.