జొన్నసీమలో పెలాగ్రా

కరీంనగర్, ఆదిలాబాద్ సీమలలో మెట్టరైతుకు ఒకప్పుడు వరి అన్నము పండుగనాటి భోజనము. తక్కిన దినములలో జొన్నరొట్టె, జొన్నగటక. చెరువు క్రింద మడి గలవారి సంగతి వేరు. చేనైనా లేక కూలికి పోయేవారికి జొన్నయే సర్వస్వము. ఆ తిండితో ముడిపడిన ఒక వ్యాధి వృత్తాంతమును శ్రోతలకు మనవి చేయదలచినాము.

పెలాగ్రా అనే ఈ వ్యాధిలో ఎండ సోకే చోట్ల, అనగా చేతులపైన, పాదాలపైన, మెడ చుట్టూ, చర్మము నల్లబడి గరుకెక్కి పొట్టుగా లేస్తుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకొంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. దిగులుతో మూల కూర్చున్న రోగిని ఇంటివారు గాలి సోకినవానిగా తలచితే వారిని తప్పుపట్టలేము.

1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ మొక్కజొన్న తినే పేదలలో దీనిని గుర్తించినాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇది అంటువ్యాధి అని జనులు భయపడుతుండగా, 1914 నుండి పరిశోధించిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ తిండిలోని కొరతయే కారణమని చూపినాడు. ఆ కొరత నియాసిన్ అనే బి విటమినుదని 1937లో ఎల్వెహెమ్ పరిశోధనతో తేలినది. మన దేహము ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తుల అంశము నుండి కూడా నియాసిన్‌ను చేసుకోగలదు. 60 మిల్లీగ్రాముల నుండి సుమారు 1 మిల్లీగ్రాము. మొక్కజొన్నలో నియాసిన్ దేహానికి అందని రూపములో ఉంటుంది, ట్రిప్టోఫాన్ కూడా స్వల్పమే.

మరి జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదే! దక్కను పీఠభూమిలో జొన్న తినే పేదలకు పెలాగ్రా ఎట్లు వచ్చినది? 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము ఈ చిక్కును చేపట్టినది. 1969లో అదే జాతీయ పోషకాహార సంస్థ అయినది. సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యగార్లు 1960లో 'లాన్సెట్' పత్రికలో తమ ఊహను ప్రకటించినారు: జొన్నలో లూసిన్ అనే అంశము మితిమీరి ఉండి, దేహములో నియాసిన్ తయారీని చెరుపుతున్నది. 1965 నాటికి జొన్న తిండితో పెంచిన కుక్కలకు పెలాగ్రా వంటి నల్లనాలుక వ్యాధి కలిగినట్లు అక్కడివారు తెలిపినారు. ఈ వాదాన్ని విదేశీయులు కొందరు అంగీకరించలేదు. బి6 విటమిను పాత్రపై కూడా చర్చ సాగినది.

వివాదము ఎట్లున్నను, దోషమంతా గింజపై మోపడము మాకు న్యాయముగా తోచదు. అదే జొన్నరొట్టెను పప్పుతో, పాలతో, అప్పుడప్పుడు మాంసముతో తిన్న మోతుబరికి ఈ జబ్బు సోకే అవకాశము స్వల్పము. కూలివాని కంచములో రొట్టె ప్రక్కన ఉన్నది కారమే.

1963లో పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినది. గోదావరి కాలువలు వచ్చి కరీంనగర్ మెట్టలు క్రమముగా వరిమళ్ళయినవి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. జొన్నయే గతి అయినవారు తగ్గినారు, పెలాగ్రా అరుదైనది. నేడు వైద్యులు దానిని అతిగా మద్యము త్రాగేవారిలో చూస్తుంటారు. జొన్నరొట్టె మాత్రము మధుమేహులకు మంచిదన్న పేరుతో పట్టణాలలో బియ్యముకన్న ప్రియమైన వంటకమైనది. ఆదిలాబాద్ గోండుగూడేల చేలలో జొన్న కంకులు ఇప్పటికీ కనిపిస్తాయి.