సోనాపూర్ నుంచి బాల్టిమోర్ దాకా: పంది గుండె మార్పిడి చరిత్ర

జంతువుల అవయవాలను మనుషులకు అమర్చడాన్ని జెనోట్రాన్స్‌ప్లాంటేషన్ అంటారు. ఈ టాపిక్ రాగానే మనలో చాలామంది 2022 జనవరి 7న అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగిన ఆపరేషన్‌తో సమాధానం మొదలుపెడతాం. దానికి పాతికేళ్ల ముందే మన అస్సాంలో ఒక మనిషికి పంది గుండె పెట్టారు.

1997 జనవరి 1న గువాహటి దగ్గరి సోనాపూర్‌లో డాక్టర్ ధనీరామ్ బారువా, హాంకాంగ్ సర్జన్‌ జొనాథన్ హోతో కలిసి, గుండెలో రంధ్రం ఉన్న 32 ఏళ్ల రైతుకు పంది గుండె, ఊపిరితిత్తులు అమర్చారు. రోగి ఏడు రోజులకే చనిపోయాడు. డాక్టర్లిద్దరూ అరెస్టయ్యారు. బారువా 40 రోజులు జైల్లో ఉన్నారు.

అసలు విషయం కేసు పెట్టిన చట్టంలో ఉంది. అది 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం. కిడ్నీల వ్యాపారాన్ని అరికట్టడానికి, బ్రెయిన్ డెత్‌ను చట్టబద్ధంగా గుర్తించడానికి తెచ్చినది. (ప్రిలిమ్స్ కోసం: గోవా, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్ర తీర్మానాల మీద, 252వ అధికరణ కింద పార్లమెంటు చేసింది.) జంతు అవయవాల ఊసు అందులో లేదు. విచారణలో ఆపరేషన్ అనైతికమని తేల్చారు. చట్టపరంగా దొరికిన తప్పు మాత్రం ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ లేకపోవడం! 2011 సవరణలో కణజాలాలు చేరాయి గానీ జంతు అవయవాలు చేరలేదు.

బారువాను కాలం కంటే ముందున్న మేధావి అనడం నాకు ఒప్పుగా తోచదు. పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. మన రక్తంలోని యాంటీబాడీలు దాన్ని చూడగానే దాడి చేస్తాయి, కొత్త అవయవం నిమిషాల్లో, గంటల్లో పాడైపోవచ్చు. దానికి కారణమైన జన్యువును పందిలో తీసేసే మార్గం 1997లో లేదు. బాల్టిమోర్‌లో వాడిన గుండెకు 10 జన్యు మార్పులు చేశారు. ఆ పరిశోధనను నడిపించిన మహమ్మద్ మొహియుద్దీన్ కరాచీలోని డౌ మెడికల్ కాలేజీలో చదివినవారు. ఆపరేషన్‌కు వారం ముందు, 2021 డిసెంబర్ 31న, ఎఫ్‌డీఏ అత్యవసర అనుమతి ఇచ్చింది.

ఆ రోగి రెండు నెలలు బతికాడు. తర్వాత అతనిలో పందికి చెందిన వైరస్ ఆనవాళ్లు దొరికాయి. జీఎస్-4లో ఈ అంశం వస్తే రాయాల్సింది ఇదే. మామూలు ఆపరేషన్‌లో ముప్పు రోగి ఒక్కడిదే, సంతకం అతను పెడితే చాలు. ఇక్కడ వైరస్ ఇంట్లోవాళ్లకు, ఊరికి పాకే అవకాశం ఉంది. ఊరి తరఫున అనుమతి ఎవరు ఇవ్వాలో 1994 చట్టంలో ఎక్కడా లేదు.