టీవీ స్ట్రీమింగ్ పరికరం

టీవీ స్ట్రీమింగ్ పరికరం అనగా అంతర్జాలం ద్వారా వచ్చే చలనచిత్రాలను, ధారావాహికలను, ప్రత్యక్ష ప్రసారాలను ఇంటిలోని టెలివిజన్ తెరపై చూపించే చిన్న ఎలక్ట్రానిక్ సాధనం. ఇది టీవీ వెనుకనున్న హెచ్.డి.ఎం.ఐ. పోర్టులో నేరుగా గుచ్చే స్టిక్ రూపంలో గాని, కేబులుతో కలిపే చిన్న బాక్సు రూపంలో గాని లభిస్తుంది. సెట్‌టాప్ బాక్సు ప్రసారకర్త పంపే ఛానళ్ళను అందుకొంటుంది. స్ట్రీమింగ్ పరికరమైతే వీక్షకుడు కోరిన కార్యక్రమాన్ని కోరిన సమయంలో అంతర్జాలం నుండి తెచ్చి చూపుతుంది. ఈ రెండు పనులూ చేయగల హైబ్రిడ్ బాక్సులను భారతదేశంలోని కొన్ని డి.టి.హెచ్. సంస్థలు కూడా ఇస్తున్నాయి.

స్మార్ట్ టీవీలో ఈ సదుపాయం ముందే ఇమిడి ఉంటుంది. కనుక కొత్తగా స్మార్ట్ టీవీ కొన్నవారికి విడిగా పరికరం సాధారణంగా అవసరం లేదు. అయితే టీవీ తెర పది సంవత్సరాలు చక్కగా పనిచేసినా అందులోని సాఫ్టువేరు అంతకంటే ముందే పాతబడుతుంది. కొత్త యాప్‌లు అందులో నడవవు. అటువంటి సందర్భంలో టీవీని మార్చనవసరం లేకుండా పరికరాన్ని మాత్రమే మార్చుకొనవచ్చును. దీని ముఖ్య ప్రయోజనం ఇదియే.

చరిత్ర

ఆపిల్ టీవీ 2007 మార్చిలో విడుదలైనది. 2008 మే నెలలో అమెరికాకు చెందిన రోకు సంస్థ నెట్‌ఫ్లిక్స్ చిత్రాలను చూచుటకై ఒక చిన్న పెట్టెను విక్రయించడం ప్రారంభించింది. 2013 జులైలో గూగుల్ సంస్థ 35 డాలర్లకే క్రోమ్‌కాస్ట్‌ను తెచ్చినది. దీనికి రిమోట్ ఉండదు, ఫోనే రిమోటు వలె పనిచేస్తుంది. ఫోనులోని చిత్రమే టీవీకి వెళ్ళునని చాలామంది అనుకొంటారు కాని అది సరికాదు. ఫోను ఏ కార్యక్రమం కావలెనో చెప్పి ఊరుకుంటుంది, పరికరం దానిని నేరుగా అంతర్జాలం నుండి తెచ్చుకొంటుంది. అందువలన కార్యక్రమం మొదలైన తరువాత ఫోనును వేరే పనికి వాడుకొనవచ్చును.

భారతదేశంలో క్రోమ్‌కాస్ట్ 2014 డిసెంబరులోను, అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ 2017 ఏప్రిల్‌లోను అమ్మకానికి వచ్చినవి. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, అదే సంవత్సరం డిసెంబరులో ప్రైమ్ వీడియో మన దేశంలో సేవలు ప్రారంభించడంతో ఈ పరికరాలకు గిరాకీ ఏర్పడింది. ఆహా 2020లో తెలుగు కార్యక్రమాల సేవగా మొదలైనది. గూగుల్ 2024 ఆగస్టులో క్రోమ్‌కాస్ట్ తయారీని నిలిపివేసి, దాని స్థానంలో గూగుల్ టీవీ స్ట్రీమర్‌ను ప్రకటించింది.

ఎంపిక

కొనేవారు సాధారణంగా ధరను, పెట్టెపై ముద్రించిన 4కె వంటి అంకెలను చూస్తారు. నిజానికి మొదట చూడవలసినది ఇంటిలో వాడే సేవల యాప్‌లన్నీ ఆ పరికరంలో దొరుకునా అన్నది. గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ పరికరాలలో యాప్‌లు ప్లే స్టోరు నుండి వస్తాయి. ఫైర్ టీవీ పరికరాలకు అమెజాన్ సొంత యాప్‌స్టోరు ఉన్నది, వాటిలో ప్లే స్టోరు ఉండదు. 2025లో వెలువడిన ఫైర్ టీవీ స్టిక్ 4కె సెలెక్ట్‌లో ఆండ్రాయిడ్‌కు బదులు వేగా అనే కొత్త వ్యవస్థ ఉన్నది. కావున ఇంతకుముందు ఫైర్ స్టిక్‌లో బయటి నుండి యాప్‌లు ఎక్కించుకొన్నవారు ఇందులో అలా చేయజాలరు. ఆపిల్ టీవీ వీటికంటే ఖరీదైనది. ఐఫోను వాడే కుటుంబాలకు అనువుగా ఉంటుంది.

పరికరం కొన్నంత మాత్రాన కార్యక్రమాలు ఉచితంగా రావు. ఆయా సేవలకు చందా వేరుగా చెల్లించవలెను.

ధ్రువీకరణ లేని బాక్సులు

బజారులోను, ఆన్‌లైన్ అంగళ్ళలోను పేరు తెలియని ఆండ్రాయిడ్ బాక్సులు తక్కువ ధరకు లభిస్తాయి. వీటిపై 4కె, 8కె అని ముద్రించి ఉన్నా, చందా కట్టిన సేవలోని చిత్రం మాత్రం మసకగానే కనిపించవచ్చును. దీనికి కారణం వైడ్‌వైన్ అనే రక్షణ వ్యవస్థ. సినిమా నకలు కాకుండా సేవా సంస్థలు దానిని రహస్య సంకేతంలో పంపుతాయి. ఆ సంకేతాన్ని చిప్‌లోని సురక్షిత భాగంలో విప్పగల పరికరానికి ఎల్1 స్థాయి ఇస్తారు. సాఫ్టువేరులో మాత్రమే విప్పే పరికరం ఎల్3 స్థాయికి చెందుతుంది. ఎల్3 పరికరాలకు అనేక సేవలు సాధారణ నాణ్యత గల చిత్రాన్నే పంపుతాయి. యూట్యూబు బాగానే కనిపించుట వలన కొన్నవారికి ఈ లోపం వెంటనే తెలియదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి కలదు. ఇటువంటి కొన్ని బాక్సులలో తయారీ దశలోనే హానికర సాఫ్టువేరు చేరినట్లు పరిశోధకులు కనుగొన్నారు. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. బాడ్‌బాక్స్ 2.0 పేరుతో ప్రజలకు హెచ్చరిక జారీచేసింది. సోకిన పరికరం ద్వారా నేరస్థులు ఆ ఇంటి అంతర్జాల కనెక్షన్‌ను తమ పనులకు వాడుకొనగలరు. చందా లేకుండా అన్ని ఛానళ్ళూ వస్తాయని చెప్పి అమ్మే బాక్సులకు దూరంగా ఉండుట మంచిది.

అంతర్జాల వేగం, డేటా

నెట్‌ఫ్లిక్స్ సూచనల ప్రకారం 1080పి చిత్రానికి సెకనుకు 5 మెగాబిట్లు, 4కె చిత్రానికి 15 మెగాబిట్లు వేగం అవసరం. హెచ్.డి. చిత్రం గంటకు 3 జి.బి. వరకు, 4కె చిత్రం 7 జి.బి. వరకు డేటాను వాడుకొంటుంది. రోజుకు 2 గంటలు హెచ్.డి.లో చూచినచో నెలకు 180 జి.బి. వరకు అగును. రోజుకు 1.5 జి.బి. ఇచ్చే మొబైల్ పథకంతో, ఫోను హాట్‌స్పాట్‌పై ఆధారపడి ఈ పరికరాన్ని వాడదలచిన విద్యార్థులు ఈ లెక్కను గమనించవలెను. హెచ్.డి.లో అరగంటకే ఆ రోజు కోటా పూర్తికావచ్చును.

వై-ఫై రౌటరు ఒక గదిలో, టీవీ మరొక గదిలో ఉండి మధ్య మందపాటి గోడలున్నచో చిత్రం ఆగి ఆగి వస్తుంది. అప్పుడు పరికరాన్ని నిందించి లాభం లేదు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగవంతమైనవే కాని గోడలను దాటుటలో 2.4 గిగాహెర్ట్జ్ మేలు.

వాడుకలో ఇబ్బందులు

పరికరానికి విద్యుత్తును టీవీలోని యు.ఎస్.బి. పోర్టు నుండి తీసుకొనుట సాధారణ పొరపాటు. పాత యు.ఎస్.బి. పోర్టు 0.5 ఆంపియరు మాత్రమే ఇస్తుంది, చాలా స్టిక్‌లకు అది చాలదు. పరికరం మాటిమాటికీ ఆగి మళ్ళీ మొదలగుటకు తరచూ ఇదే కారణం. దానితో వచ్చిన అడాప్టరునే వాడవలెను. హెచ్.డి.ఎం.ఐ. లేని పాత పిక్చర్ ట్యూబు టీవీలకు మధ్యలో కన్వర్టరు కావలసి ఉంటుంది.

ఈ పరికరాల రిమోట్లలో సాధారణంగా అంకెల మీటలు ఉండవు. ఛానలు నంబరు నొక్కి వార్తలు చూచుటకు అలవాటుపడిన పెద్దలకు ఇది నిజమైన కష్టం. ఇంట్లో అటువంటివారు ఉన్నచో కేబుల్ కనెక్షన్‌ను వెంటనే తీసివేయకుండుట మేలు.

పరికరం ఆయుష్షు

వస్తువు చెడిపోకపోయినా సేవ ఆగిపోవచ్చును. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత రోకు పెట్టెలకు, కొన్ని పాత శామ్‌సంగ్ టీవీలకు సేవను నిలిపివేసింది. 2025 మార్చిలో రెండవ తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక డిజిటల్ ధ్రువపత్రం గడువు ముగియుట వలన ఒక్కసారిగా పనిచేయడం మానినవి. కొద్ది రోజులలో గూగుల్ దానిని సవరించింది. కనుక ఎన్ని సంవత్సరాలు నవీకరణలు ఇస్తారో తయారీదారు చెప్పినచో ఆ వివరం ధరతో సమానంగా చూడదగినది.

విదేశాల నుండి తెచ్చిన పరికరాలు

అమెరికాలోని పిల్లలు తల్లిదండ్రులకు ఈ పరికరాలను తెచ్చియిచ్చుట తెలుగువారి ఇళ్ళలో సాధారణం. ఏ యాప్‌లు దొరుకునో ఖాతా నమోదైన దేశాన్ని బట్టి, ఏ సినిమాలు కనిపించునో చూచే దేశంలోని హక్కులను బట్టి మారుతుంది. కనుక పరికరం మార్చుట వలన అమెరికా జాబితా ఇక్కడికి రాదు. రోకు వంటి పరికరాన్ని తెచ్చుటకు ముందు కావలసిన తెలుగు సేవల యాప్‌లు అందులో ఉన్నవో లేవో చూడవలెను. అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, మనకు 230 వోల్టులు. అడాప్టరుపై 100–240 వోల్టులు అని ముద్రించి ఉన్నచో ప్లగ్గు ఆకారాన్ని మార్చే చిన్న సాకెట్ తగిలించి వాడవచ్చును.