చలివేంద్రం సరే, చలిరాత్రి మాటేమిటి?



ఎండలు ముదిరితే వీధి మొదట్లో ఓ తాటాకు పందిరి లేస్తుంది. కింద ఇసుక, ఇసుక మీద కుండలు, కుండలకి తడిగుడ్డ. చలివేంద్రం పెట్టమని మనకెవరూ చెప్పక్కర్లేదు. దానికో పేరుంది, ఆనవాయితీ ఉంది, చందా అడిగితే కాదనేవాళ్ళు లేరు. మరి పుష్యమాసం రాత్రి రోడ్డు పక్కన ముడుచుకు పడుకున్న మనిషి కోసం వేసే పందిరి పేరేమిటి? సత్రం ఉంది కదా అంటారేమో. సత్రం బాటసారిది. అతనికి ఎక్కడో ఓ ఇల్లుంటుంది, తెల్లారితే ఆ దారి పడతాడు. ఏ దారీ లేనివాడి మాట వేరు.

అయినా కథ బాటసారితోనే మొదలెట్టాలి. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి వచ్చే బాట మీద, ఈనాటి హయత్‌నగర్‌లో, ఒక మసీదూ దాని చుట్టూ పెద్ద సరాయీ కట్టించారు. నూటికి పైగా గదులు, పక్కన ఏనుగు బావి. కట్టించింది రాజు కాదు, ఒక స్త్రీ. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగం. షేక్‌పేటలో ఆమె కొడుకు అబ్దుల్లా కాలం నాటి సరాయి ఉంది, మనుషులకి గదులూ, ఒంటెలకీ గుర్రాలకీ శాలా. 1919లో నాంపల్లి స్టేషను దగ్గర ఏడో నిజాం రైలు ప్రయాణీకుల కోసం మరో సరాయి కట్టించాడు. ఇవన్నీ రాళ్ళతో కట్టిన దయ.

రాయి చాలని రోజు 1908 సెప్టెంబరు 28న వచ్చింది. మూసీ పొంగి, నగర జనాభాలో నాలుగో వంతుకి నిలువ నీడ లేకుండా పోయిందని చెబుతారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన రాజభవనాల తలుపులు జనానికి తెరిపించాడు. సరోజినీ నాయుడు సహాయపు పనుల్లోకి దిగారు. నా మట్టుకు నాకు ఆ తెరిచిన తలుపులే ముఖ్యంగా కనిపిస్తాయి. కొత్తగా కట్టడానికి నెలలు పడుతుంది, ఉన్న తలుపు తియ్యడానికి ఒక్క తాళంచెవి చాలు.

1977 నవంబరు 19న దివిసీమని సముద్రం ముంచేసినప్పుడూ అంతే. పదివేల మందికి పైగా పోయారు. మిగిలినవాళ్ళకి ముందు దొరికింది దేశం నలుమూలల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకుల చెయ్యే. తుపాను షెల్టర్లు తీరం పొడుగునా తరవాత లేచాయి.

వరదకీ తుపానుకీ పేరుంటుంది, తేదీ ఉంటుంది. చలికి అవేవీ ఉండవు. హైదరాబాదులో 1946 జనవరి 8న ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకి పడిపోయింది. ఆ రాత్రి అరుగుల మీద పడుకున్నవాళ్ళ సంగతి మనకెవరూ రాసి పెట్టలేదు. చలి ఒక్కొక్కరినే తీసుకుపోతుంది, పత్రికలో పడేటంత చప్పుడు చెయ్యదు.

ఆ చప్పుడు వినిపించింది ఢిల్లీలో. 2009 డిసెంబరులో పూసా రోడ్డు దగ్గరి తాత్కాలిక రాత్రి ఆశ్రయాన్ని కార్పొరేషను కూల్చేసింది. మనుషులు చనిపోయారు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు 2010 జనవరిలో కోర్టుకి ఉత్తరం రాశారు. కోర్టు మొదట ఢిల్లీని, తరవాత అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది: పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకి నూరుమంది పట్టే ఆశ్రయం ఒకటి, ఏడాది పొడుగునా, పగలూ రాత్రీ తెరిచి ఉండాలి, పక్కలు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు ఉండాలి. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ దీన్ని పథకంగా రాసుకుంది. హైదరాబాదులో కార్పొరేషను భవనం ఇస్తే స్వచ్ఛంద సంస్థలు నడిపే పద్ధతి వచ్చింది.

ఇక్కడే ఇస్నాపూర్ నాకు గుర్తొస్తుంది. పటాన్‌చెరు దాటాక ముంబాయి రోడ్డు మీది చౌరస్తా, పక్కనే పాశమైలారం ఫ్యాక్టరీలు. ఒడిశా, బీహారు, జార్ఖండు నుంచి వచ్చినవాళ్ళు ఒక గదిని షిఫ్టుల వారీగా పంచుకుంటారు. పగటి డ్యూటీవాడు లేచిన చాప మీదే రాత్రి డ్యూటీవాడు ఒరుగుతాడు. కాంట్రాక్టు పోతే ఆ చాపా పోతుంది. ఊరేమో ఏళ్ళ తరబడి గ్రామ పంచాయతీగానే ఉండేది. లక్షకొకటి చొప్పున లెక్క కట్టిన ఆశ్రయాలు నగరాలవి. పల్లెగా రాసుకున్న చోట పట్నపు చలి పడుతున్నా పథకం అటు తిరగదు. చట్టం రాసినవాళ్ళకి దురుద్దేశం లేదనే అనుకుంటాను. కానీ మనిషి ఎక్కడ పడుకున్నాడన్నది కాగితం మీద అంత పెద్ద సంగతవుతుంది సుమా!

2020 లాక్‌డౌన్‌లో ఈ బాటంతా దేశం కళ్ళబడింది. అదే రోడ్డు మీద కందిలో ఐఐటీ కట్టడం పని చేస్తున్న కూలీలు ఏప్రిల్ 29న మమ్మల్ని ఊళ్ళకి పంపండని రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి హటియాకి దాదాపు పన్నెండు వందల మందితో బయలుదేరిన రైలే దేశంలో మొదటి శ్రామిక్ రైలు. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళు అదనంగా ఓ గిన్నె అన్నం వండి పొట్లాలు కట్టారు. మీలోనూ చాలామంది కట్టే ఉంటారు.

పొట్లం కట్టడం వచ్చినవాళ్ళకి చలి ఆశ్రయం నడపడం బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే కొన్ని సంగతులు తెలియాలి. మనం ముందుగా రగ్గు గురించే ఆలోచిస్తాం. ఒంట్లో వేడిని లాగేసేది గాలి ఒక్కటే కాదు, కింద ఉన్న గచ్చు కూడా. పైన రెండో రగ్గు కప్పే ముందు కింద అట్టలో, వరిగడ్డో, బొంతో పరవాలి. తడిబట్టలు విప్పించి పొడివి ఇవ్వాలి. చినిగిన చీరలు వదిలించుకునే చోటుగా మాత్రం దాన్ని చెయ్యకండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టారో, వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తాగి వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి వెనక్కి పంపడమూ పొరపాటే. సారా ఒళ్ళు వెచ్చబడ్డట్టు అనిపిస్తుందే గానీ లోపలి వేడిని బయటికి పంపేస్తుంది, అందరికన్నా ముందు ప్రమాదం అతనికే. విడిగా ఓ మూల పడుకోబెట్టాలి. ఆధార్ కార్డు అడగకూడదు. పుస్తకంలో అతను చెప్పిన పేరు రాసుకుంటే చాలు. వారాల తరబడి దగ్గు తగ్గనివాణ్ణి క్షయ పరీక్షకి తీసుకెళ్ళాలి. ఆడవాళ్ళకి, పిల్లలకి వేరే గది, లోపల గడియ, మరుగుదొడ్డి దారిలో దీపం తప్పకుండా ఉండాలి. ఇవి లేకపోతే ఆడది చలిలోనైనా ఉంటుంది గానీ లోపలికి రాదు.

అన్నిటికన్నా కష్టం రాత్రి కాపలా. ఒక్కరే ఉండకూడదు, ఇద్దరేసి ఉండాలి. మొదటి వారం అందరూ వస్తారు, మూడో వారానికి నలుగురు మిగులుతారు. కనక ముందే వంతులు రాసి, వంతుకి రానివాళ్ళ బదులు ఎవరో కూడా రాసి పెట్టుకోవాలి. మన పేరంటాల జాబితా రాసినట్టే.

చోటు ఏదంటారా? ధనుర్మాసం, దాని వెంటే పుష్యం. మనకి అది శూన్యమాసం, పెళ్ళిళ్ళుండవు. సరిగ్గా చలి కొరికే ఆ వారాల్లోనే ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా, తాళాలు వేసి ఉంటాయి. గచ్చు, కుళాయిలు, వంటశాల, మరుగుదొడ్లు అన్నీ ఉన్న ఇళ్ళు. ఆ రోడ్డు మీద వాటికేం కొదవలేదు. యజమాని ఇంటికి నలుగురు ఆడవాళ్ళు కలిసి వెళ్ళి, కార్తీకం పెళ్ళిళ్ళు ముగిసేలోపు, అడగాల్సింది తాళంచెవి ఒక్కటే.