గంటసేపటి పాఠం, నాలుగేళ్ల చదువు: గ్రంథాలయ బోధనను కొలిచిన చరిత్ర

అమెరికా విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయ వినియోగ బోధన 1870ల చివర్లో రూపు దిద్దుకుంది. కావలసిన పుస్తకాన్నీ వ్యాసాన్నీ వెతికి పట్టుకోవడం, దొరికినవాటిలో నమ్మదగినవేవో తేల్చుకోవడం విద్యార్థులకు గ్రంథాలయ సిబ్బందే నేర్పడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. నేర్పినదాంట్లో విద్యార్థి దగ్గర ఎంత నిలిచిందన్న ప్రశ్న మాత్రం మరో అర్ధ శతాబ్దం గడిస్తే గానీ గట్టిగా వినిపించలేదు. ఈ ఆలస్యాన్ని గ్రంథపాలకుల అశ్రద్ధగా లెక్కకట్టడం న్యాయం కాదు. పాఠం చెప్పిన మనిషి ఆ విద్యార్థిని మళ్లీ చూసే వీలు ఆ ఏర్పాటులోనే లేకపోయింది. ఈ బోధన ఫలితాన్ని కొలవడానికి ఆ తర్వాత జరిగిన ప్రయత్నాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ లోటును పూడ్చడానికి పుట్టినవే.

అంతకుముందు కళాశాల చదువంటే ఒక పాఠ్యగ్రంథాన్ని కంఠస్థం చేసి తరగతిలో అప్పజెప్పడమే గనుక, గ్రంథాలయంతో విద్యార్థికి పెద్దగా పనిపడేది కాదు. జర్మన్ విశ్వవిద్యాలయాల సెమినార్ పద్ధతి, అంటే విద్యార్థులు మూలగ్రంథాలను స్వయంగా పరిశీలించి ఆచార్యుడి ఎదుట చర్చించే పద్ధతి, అమెరికాలో వేళ్లూనిన కొద్దీ ఈ స్థితి మారింది. ఆ పద్ధతికి నిలయమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1876లో మొదలుకాగా, అదే ఏడాది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఏర్పడింది, మెల్విల్ డ్యూయీ దశాంశ వర్గీకరణ కూడా అచ్చయింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేమండ్ డేవిస్ 1879లో గ్రంథాలయంపై ఉపన్యాసాలు మొదలుపెట్టి, 1881లో వాటిని గ్రంథసూచీశాస్త్రం పేరుతో పూర్తిస్థాయి కోర్సుగా మార్చాడు. ఓబర్లిన్ కళాశాలలో అజరయా రూట్ 1899 నుంచి ఇటువంటి కోర్సునే నడిపాడు. నెలల తరబడి సాగే కోర్సు గనుక విద్యార్థి ఎంత నేర్చాడన్నది ఉపాధ్యాయుడికి రోజూ కళ్ల ముందే ఉండేది, వేరే కొలమానం అవసరపడలేదు. ప్రవేశాల సంఖ్య పెరిగేసరికి ఆ కోర్సు స్థానంలో మొదటి వారంలో గ్రంథాలయాన్ని చుట్టి చూపించడమూ, ఏదో ఒక తరగతి ఇచ్చిన ఒక్క గంటలో పాఠం ముగించడమూ వచ్చి చేరాయి. ఈ ఒంటి పాఠాన్నే గ్రంథపాలకులు నేటికీ వన్-షాట్ అంటారు. కొలత సమస్య అసలు పుట్టింది ఇక్కడే.

మొదటి జవాబు ప్రామాణిక పరీక్షల రూపంలో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా విద్యారంగాన్ని ముంచెత్తిన పరీక్షల ఉద్యమం గ్రంథాలయాలను కూడా తాకింది. విద్యార్థుల గ్రంథాలయ వినియోగ సామర్థ్యాన్ని పరీక్షించే పద్ధతిపై లులూ రూత్ రీడ్ 1938లో లైబ్రరీ క్వార్టర్లీ పత్రికలో వ్యాసం ప్రకటించగా, 1955లో ఎథెల్ ఫీగ్లీ, ఆమె సహచరులు కళాశాలలో కొత్తగా చేరినవారి కోసం తయారుచేసిన పరీక్షను కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజి అచ్చువేసింది. కేటలాగు కార్డులో ఏ వివరం ఎక్కడ ఉంటుంది, పత్రికా సూచికలోని సంక్షిప్తాక్షరాలకు అర్థమేమిటి వంటి ప్రశ్నలకు ఇటువంటి పరీక్షల్లో సహజంగానే పెద్దపీట దక్కింది, ఎందుకంటే వాటికి ఒకే ఒక్క సరైన జవాబు ఉంటుంది, దిద్దడం తేలిక. కార్డు భాగాలన్నీ తప్పు లేకుండా గుర్తించిన విద్యార్థి తన వ్యాసానికి పనికొచ్చే పుస్తకాన్ని వెతికి తేగలడా అన్నది అటువంటి ప్రశ్నపత్రానికి అందని విషయం. అందినదాన్నే కొలిచి, అదే నైపుణ్యమని భావించే అలవాటు ఈ దశలోనే పాతుకుపోయింది, దాని నుంచి బయటపడటానికి చాలా కాలం పట్టింది.

నేర్పినది విద్యార్థి దగ్గర నిలవడాన్ని సూచించే ధారణ అనే మాట అర్థాన్ని ఇక్కడ స్పష్టం చేసుకోవాలి. విన్నదాన్ని వెంటనే తిరిగి చెప్పడం వేరు, వ్యవధి గడిచి మధ్యలో వేరే పనులెన్నో మనసును ఆక్రమించిన తర్వాత కూడా దాన్ని నిలుపుకోవడం వేరు. అవధానంలో ధారణను చివరి పరీక్షగా ఉంచిన సంప్రదాయానికి ఈ తేడా బాగా తెలుసు. జర్మన్ మనోవిజ్ఞాని హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షర సముదాయాలను తానే వల్లెవేసి, తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్న తొలి గంటల్లోనే మరుపు అత్యంత వేగంగా సాగుతుందని 1885లో చూపించాడు. అయినా గ్రంథాలయ పాఠాల మదింపులో అత్యధికం, పాఠానికి ముందు ఒక పరీక్ష, పాఠం ముగియగానే అదే పరీక్ష పెట్టి, రెండింటి మార్కుల మధ్య తేడాను నేర్చినదానికి గుర్తుగా చూపే పద్ధతిలోనే సాగింది. ఆ తేడాలో విద్యార్థికి ఒంటబట్టినది ఎంతో, చెవిలో ఇంకా మోగుతున్నది ఎంతో విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఇదే కాలంలో మద్రాసులో ఈ పాఠాన్ని మరో కోణం నుంచి చూసినవాడు ఎస్. ఆర్. రంగనాథన్. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు కోస్తాంధ్ర, రాయలసీమ కళాశాలలు కూడా మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉండేవి. అక్కడ 1924 నుంచి రెండు దశాబ్దాలు గ్రంథపాలకుడిగా ఉన్న రంగనాథన్, కొత్త పాఠకుణ్ణి గ్రంథాలయంలోకి ప్రవేశపెట్టడాన్ని అనులయ సేవలో, అంటే పాఠకుడికి వ్యక్తిగతంగా అందించే సహాయంలో, తొలిమెట్టుగా పెట్టాడు. తక్షణ ప్రశ్నలకు జవాబులు అందించడం, దీర్ఘకాలం సాగే అన్వేషణలో తోడు నిలవడం దానికి పై మెట్లు. ఈ వరుసలో మొదటి రోజు పాఠం ఒక పరిచయం మాత్రమే కనుక, దాని ఫలితం తేలేది తర్వాతి రాకపోకల్లోనే. ఆనాటి అమెరికన్ పరీక్షపత్రాల్లో కొరవడినది సరిగ్గా ఈ దృష్టే.

అమెరికాలో ఆ దృష్టిని 1960లలో డెట్రాయిట్ తీసుకొచ్చింది. అక్కడి వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో భాగమైన మాంటీత్ కళాశాలలో 1960 నుంచి 1962 వరకు పాట్రీషియా న్యాప్ నడిపిన ప్రయోగంలో, గ్రంథాలయ పాఠాన్ని విడిగా చెప్పే బదులు, ఆచార్యులతో కలిసి కూర్చుని గ్రంథాలయం లేకుండా పూర్తిచేయడం సాధ్యంకాని అభ్యాసాలను పాఠ్యక్రమంలోకే అల్లారు. 1966లో వెలువడిన ఆమె నివేదిక, గ్రంథాలయ జ్ఞానమంటే ఉపకరణాల జాబితా కాదనీ, ఒక రంగంలోని పాండిత్యం ఎలా అమరి ఉంటుందో గ్రహించి దానిలో దారి వెతుక్కోవడమనీ వాదించింది. ఇండియానాలోని ఎర్లమ్ కళాశాలలో ఎవన్ ఫార్బర్ 1962లో గ్రంథపాలకుడిగా చేరి, విద్యార్థి చేతిలో రాయవలసిన వ్యాసం ఉన్నప్పుడే పాఠం చెప్పాలన్న నియమంతో ఆ ఆలోచనను దశాబ్దాల పాటు ఆచరణలో పెట్టాడు. ఈ ఇద్దరి కృషి ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టం. ధారణను కొలిచే ముందు, ధారణకు అనువైన పరిస్థితిని కల్పించాలని గుర్తించినవారు వీరు.

పాఠం దీర్ఘకాలంలో ఎంత నిలుస్తుందన్న ప్రశ్నను నేరుగా ఎత్తుకున్నది కూడా ఇండియానాలోనే, డిపావ్ విశ్వవిద్యాలయంలో. లారీ హార్డెస్టీ, నికొలస్ లావ్రిచ్, జేమ్స్ మానన్ 1982లో ప్రకటించిన అధ్యయనంలో, గ్రంథాలయ నైపుణ్యాలు చిరకాలం నిలవడానికి విద్యార్థి తెలివితేటలు, చదువులో శ్రద్ధ కంటే అతడు పొందిన గ్రంథాలయ బోధన పరిమాణమే ఎక్కువ కారణమని తేలింది. ఇటువంటి అధ్యయనానికి అడ్డంకులు తక్కువ కావు. ఏళ్లు గడిచేలోపు చదువు మానేసేవారు మానేస్తారు, మిగిలినవారికి పాఠం వల్ల కాకుండా వయసు వల్లనే నేర్పు వస్తుంది, ఒకసారి రాసిన ప్రశ్నపత్రం రెండోసారి తేలికవుతుంది, పోలిక కోసం కొందరికి పాఠమే చెప్పకుండా ఉంచడం న్యాయమా అన్న సంకోచం ఉండనే ఉంటుంది. పైగా 1980లలో కార్డు కేటలాగు కంప్యూటర్‌లోకి మారుతూ వచ్చింది, 1998లో గూగుల్ సంస్థ పుట్టింది. పత్రికా సూచికల సంపుటాలను తిరగేసే పద్ధతిని చక్కగా గుర్తుంచుకున్న విద్యార్థికి ఆ జ్ఞాపకమే పనికిరాకుండా పోయింది. మార్కులకు అందని మరో సంగతిని కాన్‌స్టన్స్ మెలన్ 1986లో బయటపెట్టింది. రచనా తరగతుల్లో 6,000 మంది విద్యార్థులు తమ అనుభవాలను రాసుకున్న రాతలను పరిశీలిస్తే, గ్రంథాలయంతో తొలి పరిచయాన్ని నూటికి 75 నుంచి 85 మంది భయంగా వర్ణించారు. అటువంటి విద్యార్థి పాఠం తర్వాత భయం పోయి సిబ్బందిని ప్రశ్న అడగగలిగితే అది కూడా ధారణే, ఏ బహుళైచ్ఛిక ప్రశ్నా దానికి మార్కు వేయలేదు.

ఆ తర్వాతి దశ ప్రమాణాలది. సమాచార అక్షరాస్యత, అంటే సమాచారం ఎప్పుడు అవసరమో గుర్తించి, వెతికి, విలువకట్టి, వాడుకోగల శక్తి, అనే భావన చుట్టూ అమెరికా కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం 2000లో 5 ప్రమాణాలు, 22 సూచికలు ప్రకటించింది. గుర్తింపు సంస్థలు కూడా రుజువులు అడగడం మొదలుపెట్టేసరికి పరీక్షల తయారీ ఊపందుకుంది. కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సెయిల్స్ పరీక్ష మొదట్లో వ్యక్తికి కాక విద్యార్థి బృందానికి ఫలితం చెప్పేది. వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం అంతకుముందు నుంచే మదింపు దినం పేరుతో తరగతులు ఆపి, విద్యార్థులను కొత్తగా చేరినప్పుడూ, చదువు మధ్యకు చేరాకా రెండుసార్లు పరీక్షించే ఏర్పాటు చేసుకుంది. గ్రంథపాలకుడు విద్యార్థిని మళ్లీ చూడలేని పాత లోటును ఒక సంస్థ తన మొత్తం యంత్రాంగంతో పూరించిన అరుదైన ఉదాహరణ ఇది. మెలిస్సా గ్రాస్, డాన్ లాథమ్ పరిశోధనలు, నైపుణ్యం తక్కువున్న విద్యార్థులే తమ శక్తిని ఎక్కువగా ఊహించుకుంటారని చూపి, పాఠం ఉపయోగపడిందా అని విద్యార్థినే అడిగే సంతృప్తి పత్రాలను ఎంతవరకు నమ్మవచ్చన్న ప్రశ్న లేవనెత్తాయి. 2016లో ఆ సంఘం పాత ప్రమాణాలను ఉపసంహరించి, వాటి చోట 6 మూల భావనల చట్రాన్ని నిలిపింది.

పరీక్షపత్రాన్ని పక్కనపెట్టి, విద్యార్థి వ్యాసం చివర ఇచ్చుకున్న ఆధార గ్రంథాల జాబితాను చదవడం మరో దారి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక అర్థశాస్త్ర తరగతి వ్యాసాలను ఫిలిప్ డేవిస్, సుజాన్ కోహెన్ పోల్చి చూస్తే, 1996 నుంచి 1999కి ఉల్లేఖనాల్లో పుస్తకాల వాటా 30 శాతం నుంచి 19కి పడిపోయింది, వెబ్ పేజీల వాటా 9 నుంచి 21కి పెరిగింది. అదే తరగతిని డేవిస్ తర్వాతి సంవత్సరాల్లో గమనించినప్పుడు, మంచి ఆధారాలు వాడమన్న నోటిమాట విద్యార్థుల జాబితాలను పెద్దగా మార్చలేదు. ఎన్ని పండిత రచనలు వాడాలో ఆచార్యుడు కాగితం మీద పెట్టి, దాన్ని మార్కులతో ముడివేసిన ఏడాది మాత్రం పుస్తకాలూ పరిశోధనా పత్రికలూ ఆ జాబితాల్లోకి తిరిగి వచ్చాయి.