పిక్కలు సన్నబడాలని...

1928లో ప్యారిస్‌లో ఒక యువతి పిక్కలు లావుగా ఉన్నాయని సర్జన్ దుజారియే దగ్గరికి వెళ్లింది. స్కర్టులు మోకాళ్ల దాకా పొట్టివైన రోజులవి. జబ్బేమీ లేదు. ఆపరేషనయ్యాక కాలికి గాంగ్రీన్ పట్టింది. చివరికి ఆ కాలే తీసేయాల్సి వచ్చింది.

1929లో కింది కోర్టు 2 లక్షల ఫ్రాంకులు కట్టమంది. బాగున్న కాలిని కేవలం అందం కోసం ప్రమాదంలో పెట్టడమే తప్పంది. ఆ మాట నిలిచి ఉంటే సౌందర్య శస్త్రచికిత్స అక్కడితో మూతపడేది. 1931లో పై కోర్టు పరిహారాన్ని ఖాయం చేస్తూనే కారణం మార్చింది: కోయడం తప్పు కాదు, ప్రమాదాన్ని ఆమెకు విడమరిచి చెప్పకపోవడం తప్పు. ఆ తర్వాత వచ్చిన చట్టాలన్నిటికీ మూలం నాకు ఈ మార్పులోనే కనిపిస్తుంది. అపెండిక్స్ పగిలినవాడికి ఆపరేషన్ మానుకునే వీలెక్కడిది? ముక్కు సరిచేయించుకోవడానికి వచ్చినవాళ్లు ప్రమాదం సంగతి వింటే లేచి వెళ్లిపోవచ్చు, ఫీజూ పోవచ్చు. దాచాలనిపించేదీ అందుకే. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఖర్చు అంచనా కాగితం చేతికిచ్చాక 15 రోజులు ఆగితేగానీ సర్జన్ కత్తి పట్టకూడదు.

అమెరికాలో గొడవ ఇచ్చిన మాట మీద నడిచింది. కాలిన మచ్చ ఉన్న చేతిని నూటికి నూరుపాళ్లు బాగుచేస్తానన్న డాక్టరు, ఛాతీ చర్మం తెచ్చి అరచేతికి అతికించాడు. అరచేతిలో వెంట్రుకలు మొలిచాయి! మాటిచ్చిన చేతికీ వచ్చిన చేతికీ ఉన్న తేడాయే నష్టమని 1929లో న్యూహాంప్‌షైర్ సుప్రీంకోర్టు లెక్క కట్టింది.

మన దగ్గర 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. సమ్మతి సంగతి 2008లో తేలింది. పరీక్ష కోసం మత్తిచ్చిన మహిళకు, తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేసిన కేసది. ప్రాణం మీదికి రానప్పుడు, తెలివి వచ్చాక ఆమెనే అడగాలంది కోర్టు. “పేషెంట్ తాలూకు ఎవరండీ?” అని పిలిచి, వచ్చినవాళ్లతో సంతకం పెట్టించుకునే మన ఆసుపత్రులకు ఇది కొత్త పాఠమే. ఇచ్చిన పరిహారం మాత్రం 25 వేలే.

ఆ తీర్పు అందం కోసం చేసిన ఆపరేషన్ గురించి కాదు. అయినా సందు సందునా వెలిసిన జుట్టు నాటే క్లినిక్కులకూ అదే వర్తిస్తుంది. అక్కడ అసలు చేతిలో పరికరం ఎవరు పడుతున్నారన్నదే మొదటి ప్రశ్న. యూట్యూబ్ చూసి నేర్చుకుంటే శిక్షణ కిందికి రాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాసి మరీ చెప్పాల్సి వచ్చింది.